తొట్టి మీద వల

మా గుర్రం లావెక్కుతున్న రోజుల్లో మమ్మల్ని మెచ్చుకోని మనిషి మా చుట్టుపక్కల లేడు. దారిన పోయేవాళ్ళు సైకిలు దిగి, మా కంచె మీద మోచేతులు ఆనించి, "ఏం మేపేరండీ! ఒంటి మీద ఈగ వాలినా జారిపడేట్టుంది" అనేవారు. మా నాన్నగారు తల వంచుకుని నవ్వేవారు. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, అరుగు మీద నుంచి "ఏదో, ఉన్నంతలో పెడుతున్నావండి" అని వినయం ఒలకబోసేది. ఆ మెప్పూ ఆ వినయమూ కలిసి ఒక మూగజీవాన్ని నిలబడలేని స్థితికి తెచ్చాయి. ఇది జరిగి కొన్నేళ్ళయింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళే రోజుల్లో ఆ తెల్ల గుర్రం జట్కా లాగేది. రాజోలు నుంచి మలికిపురానికి కొబ్బరి బేరగాళ్ళను, పంతుళ్ళను, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులను నాన్నగారు దాని వెనక ఎక్కించుకుని తిప్పేవారు. తొంభైల చివరికి ఆ రోడ్డు మీద ఆటోలు నిండిపోయాయి. జట్కా చక్రాలు ఊడదీసి పాక వెనక ఆనించారు. గుర్రాన్ని మాత్రం ఉంచుకున్నారు. పెళ్ళికొడుకును తెల్ల గుర్రం మీద ఊరేగించాలని ముచ్చటపడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ముహూర్తాలున్న నెలల్లో అప్పుడప్పుడూ పని, మిగిలిన కాలమంతా పాకలో కట్టుకొయ్య.

పని పోయింది గాని దానితో పాటు మేత పోలేదు. రోజంతా బండి లాగిన నాటి ఉలవ గుగ్గిళ్ళు, తవుడు, బెల్లం ముద్ద అలాగే కొనసాగాయి. పని తగ్గింది కదా, మేత తగ్గించకూడదా అని నేనొకసారి అడిగాను.

"పని లేదని తిండి మాన్పించేస్తావా అమ్మా? మీ తాతగారికీ పని లేదు చివర్లో. మానిపించేవా?" అన్నారు నాన్నగారు.

ఆ జవాబుకు ఏ సభలోనైనా చప్పట్లు పడతాయి. గుర్రం కాళ్ళు చప్పట్లు కొట్టలేవు.

మా వీధిలో ఒక అలవాటు ఉండేది. పాడి లేని ఇల్లు తన బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు పారబోయదు; పాడి ఉన్న ఇంటి కుడితి తొట్టిలో పోసి వస్తుంది. మంచి అలవాటే. కానీ గేదెలు ఒక్కొక్కటే అమ్ముడుపోయి, చివరికి వీధి మొత్తానికి మిగిలిన తొట్టి మాదొక్కటే అయింది. వీధి కుడితంతా గుర్రానికి చేరింది. మా వాళ్ళకు తెలిసిన శాస్త్రం గేదె శాస్త్రం. తొట్టి నిండా పెట్టు, ఒళ్ళు చేస్తే సంతోషించు, మిగతాది అదే నెమరేసుకుంటుంది. నెమరు వేయని జంతువు ఒకటుందని ఎవరికీ తట్టలేదు. తట్టించుకోవాలన్న ఆసక్తి కూడా లేదు. దానికి తోడు మామ్మ పుట్టిల్లు ఆత్రేయపురం. అక్కడి చుట్టాలు వచ్చినప్పుడల్లా మాకు పూతరేకుల డబ్బా, గుర్రానికి విడిగా ఒక సంచి. విరిగిన రేకులు, డబ్బాల అడుగున రాలిన పంచదారా నెయ్యీ. మామ్మ దాన్ని తవుడులో కలిపి ముద్దలు చేసి, బాలింతకు కారప్పొడి ముద్ద పెట్టినంత శ్రద్ధగా నోటికందించేది. ఇక ఊరేగింపుల్లో గుమ్మం గుమ్మం దగ్గరా ఆపి అరటిపండో, చలిమిడో, లడ్డూవో పెట్టకపోతే ఆ ఇంటివాళ్ళకు తోచేది కాదు.

దాని జూలు కింద మెడ పొడవునా కొవ్వు దిండులా లేచింది. వెన్ను మధ్య వాన నీరు నిలిచేటంత కాలువ పడింది. పక్కటెముకలు ఎక్కడున్నాయో అరచేత్తో నొక్కి వెతికినా తెలిసేది కాదు.

ఒక వేసవి ఉదయం అది ముందుకాళ్ళు బాగా చాచి, బరువంతా వెనక్కి వేసి, గోడను తోస్తున్నట్టు నిలబడి ఉంది. అడుగు వేయమంటే వేయలేదు. గిట్టలు ముట్టుకుంటే వేడిగా తగిలాయి. నాన్నగారు చూసి నీరసమన్నారు. మామ్మ దిష్టి అంది. నీరసానికి మందుగా గుగ్గిళ్ళు రెట్టింపయ్యాయి. దిష్టికి మిరపకాయలు దింపి, ఆ తర్వాత బెల్లపన్నం పెట్టారు. గుర్రం పడుకుంది. లేపబోతే మూలిగింది. నేను అప్పటికి ఇంటి నుంచే బస్సులో అమలాపురం వెళ్ళి డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు కాలేజీ మానేసి వెళ్ళి పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చాను. కొత్తగా బదిలీ మీద వచ్చినాయన.

ఆయన గిట్టలు పట్టి చూశారు. మెడ మీది దిండును రెండు చేతులతో పట్టి ఊపారు. తర్వాత మా ముఖాలు చూశారు.

"ఎవరండీ దీన్ని ఇంత ప్రేమగా చంపుతున్నది?"

"చంపడవేంటి బాబూ!" మామ్మ చేతులు గుండెల మీద పెట్టుకుంది. "కన్నబిడ్డలా సాకుతుంటే!"

"కన్నబిడ్డ గోరు కింద చీము పడితే ఏం చేస్తారు మామ్మగారూ? ఆ వేలి మీద బియ్యం బస్తా పెడతారా? దీనికి గిట్ట లోపల వాచింది. ఆ వాపు మీద ఈ ఒళ్ళు మోస్తోంది. ఇంకా ముదిరితే లోపలి ఎముక తిరిగి అరికాల్లోంచి దిగుతుంది. అప్పుడు నేనొచ్చి సూది వేస్తాను. లేవడానికి కాదు."

ఆయన చెప్పిన పథ్యం స్పష్టంగా ఉంది. గుగ్గిళ్ళు, తవుడు, బెల్లం, కుడితి, మిఠాయి ఏవీ ఉండవు. ఎండు గడ్డి ఒక్కటే. అదీ గరిక కోసి ఎండబెట్టి, పెట్టే ముందు నీళ్ళలో నానబెట్టి వంచేయాలి, దానిలోని తీపి కొంత నీళ్ళలో పోతుంది. అలాగని పస్తు పెట్టకూడదు. గుర్రం కడుపు చిన్నది, పగలంతా కొంచెం కొంచెం నములుతూ ఉండాలి, చాలాసేపు ఖాళీగా ఉంటే అది వేరే జబ్బు. తక్కువ గడ్డి ఎక్కువసేపు రావాలంటే గడ్డికి, నోటికి మధ్య వల ఉండాలి. చిన్న కళ్ళ వల. ఒక్కొక్క పరక లాక్కుని తినాలి.

"ఆయ్, అలాగేనండి. తవరు చెప్పినట్టే చేస్తావండి డాక్టరుగారూ," అన్నారు నాన్నగారు. ఆయన మోటారు సైకిలు మలుపు తిరిగిందో లేదో, మామ్మ కొంగు చాటు నుంచి బెల్లం ముక్క తీసింది. "మందు చేదుగా ఉంటుంది గదా, దాని మీద" అట. మందు సూదిలో ఇచ్చారు.

నాతో చదివే ఓడలరేవు అమ్మాయి ఇంట్లో పాడైపోయిన లావు దారపు చేపల వల ఒకటి అడిగి తెచ్చుకున్నాను. దాని కళ్ళు పెద్దవి. రెండు మడతలు ఒకదానిపై ఒకటి పక్కకు జరిపి కుడితే, కన్ను రెండు వేళ్ళు పట్టేంత అయింది. సిమెంటు తొట్టిలో నానబెట్టి వంచిన గరిక వేసి, వలను పైన పరిచి, అంచును తాడుతో బిగించాను. వేలాడదీస్తే గిట్ట తగులుకుంటుందని డాక్టరుగారు హెచ్చరించారు, అందుకని తొట్టికే కట్టాను. మొదట్లో గుర్రానికి నా మీద పట్టరాని కోపం. వలను పళ్ళతో పట్టి గుంజింది, తొట్టిలోకి బుసకొట్టింది, నా భుజం మీద తలతో ఒక పోటు పొడిచింది. ఆ కోపాన్ని నేను గౌరవించాను. అది తనకు నచ్చలేదని నేరుగా చెప్పింది. మెల్లగా దాని పెదవికి పని పట్టుబడింది. కన్నులోంచి రెండు పరకలు ఏరడం, లాగడం, నమలడం, మళ్ళీ వెతకడం. మునుపు గంపెడు గడ్డి చూస్తుండగానే మాయమయ్యేది. ఇప్పుడు పొద్దున వేసినది మధ్యాహ్నం దాకా వచ్చేది. పాకలో ఎప్పుడూ నమిలే చప్పుడు ఉండేది.

వీధి భరించలేకపోయింది. అందరికంటే ముందు పక్కింటి అత్తయ్యగారు వచ్చారు. చుట్టరికం లేదు గాని నేను ఊహ తెలిసినప్పటి నుంచి అలాగే పిలిచేదాన్ని.

"అదేంటమ్మాయ్, తొట్టికి వల కట్టేవు? చేపలు పడుతున్నారా ఏంటి?"

"గుర్రం నెమ్మదిగా తినాలండి అత్తయ్యగారూ. డాక్టరుగారు చెప్పేరు. కుడితీ అదీ పోయకూడదండి."

"మరే. డాక్టరుగారు చెప్పేక ఇంక మాటేవుందీ?" అంటూనే ఆవిడ చంకలోని కుండ వంచి వల మీద నుంచి పోసేశారు.

"అత్తయ్యగారూ!"

"కుడితి కాదమ్మా ఇది, ఒట్టి కడుగు. ఓ గుప్పెడు తవుడు పడిందంతే. నోటికాడ కూటికి అడ్డం కడితే మనకే తగులుద్దే తల్లీ."

ఆ రోజు నుంచి మా ఇంట్లో గడ్డి కరువొచ్చిందని, మొహమాటపడి చెప్పుకోవడం లేదని వీధిలో అనుకున్నారు. ఎవరో గుమ్మంలో తవుడు బస్తా పెట్టి వెళ్ళారు. ఎవరో పచ్చి జొన్న మోపు కంచె మీద నుంచి లోపలికి వేశారు. నేను అట్ట మీద 'దయచేసి గుర్రానికి ఏమీ పెట్టవద్దు' అని రాసి పాకకు వేలాడదీశాను. ఒక పెద్దాయన దాన్ని పైకి చదివారు. "ముత్యాల్లా ఉందండి రాత! తవరమ్మాయిదేనా?" అని నాన్నగారిని అడిగి, సంచిలోంచి అరటిపండు తీసి గుర్రం నోట్లో పెట్టారు. తొక్కతో సహా.

కాలేజీలో నాకు వాదించడం నేర్పారు. ఎదుటివారి మాట ఆసాంతం వినడం, అందులో నిలవని చోటు పట్టుకోవడం, ఆధారం చూపి ఖండించడం. ఆ విద్యంతా ఎదుటివాడు 'కాదు' అంటాడన్న నమ్మకం మీద నిలబడి ఉంది. మా వీధిలో ఎవరూ కాదనలేదు. నేను చెప్పినదానికి అందరూ ఒప్పుకునేవారు. తలలూపేవారు. మెచ్చుకునేవారు కూడా, "చదువంటే ఇదీ" అని. ఒప్పుకుని, తలూపి, మెచ్చుకుని, తమకు తోచినదే చేసేవారు. ప్రతిపక్షం లేని సభలో నేను రోజూ ఓడిపోయేదాన్ని. మా సీమ మర్యాదను పొగిడే వాళ్ళను ఎవరినైనా చూస్తే నాకు అందుకే ఒళ్ళు మండుతుంది. పీట వేసి, విస్తరి నింపి, అడ్డం పెట్టిన చేతిని తోసేసి మరీ వడ్డించేవాళ్ళకు ఎదుటి కడుపు ఏమంటోందో పట్టదు. తమ చేయి తమకు కనిపించాలి.

అయినా కాలేజీ లేని పూట నేను కాపలా కాసినంత వరకూ, సాయంత్రం మామ్మ కొంగు తడిమినంత వరకూ, పథ్యం సాగింది. వానలు వెలిసేసరికి గుర్రం మెడ మీద దిండు మెత్తబడింది. అరచేయి నొక్కితే ఎముకలు తగిలేవి, కంటికి మాత్రం కనిపించేవి కావు. అదే సరైన ఒళ్ళు అని డాక్టరుగారు చెప్పారు. కాలవ గట్టు మెత్తటి మట్టి మీద తాడు పట్టుకుని నడిపిస్తే నడిచింది. ఇదివరకు కంచె మీద మోచేతులానించిన వాళ్ళే మళ్ళీ ఆనించారు. "అయ్యో, దిగిపోయిందేంటండీ! అమ్మవారిని చూసినట్టుండేది. దానికి కూడా డిబేటింగులు చెబుతోందా ఏంటండీ అమ్మాయిగారు?" నాన్నగారు తల వంచుకున్నారు. నవ్వలేదు.

కార్తీకం వెళ్ళాక మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి కొడుకు పెళ్ళికి గుర్రాన్ని అడగడానికి వచ్చారు. పాక ముందు నిలబడి పెదవి విరిచారు.

"ఏవండీ, ఇలా అయిపోయిందేంటండీ?"

"డాక్టరుగారు పత్యం పెట్టేరండి."

"గుర్రానికి పత్యవేంటండీ బాబూ! షుగరొచ్చిందా?" ఆయన తన మాటకు తానే నవ్వారు. "మావోడా, చూసేరు గదా, నిలువెత్తు మనిషి. దీన్నెక్కితే గుర్రం మోస్తోందా, ఆడే గుర్రాన్ని మోస్తున్నాడా అంటారు జనం. ముహూర్తానికింకా టైముంది. ఓ బస్తా ఉలవలు పంపిస్తాను, మేపండి."

"పంపకండి," అన్నాను. "అవి పెడితే దీని కాళ్ళు పోతాయి. చచ్చిపోతుంది."

ఆయన నావైపు ఎంతో ఆదరంగా చూశారు. "చదువుకున్న పిల్లలు, నిజవే చెబుతారండి," అని నాన్నగారితో అని, పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపళ్ళు పెట్టించి అందించారు. నాన్నగారు రెండు చేతులా పుచ్చుకున్నారు. మా వైపు తాంబూలం పుచ్చుకోవడమంటే మాట ఇచ్చేయడమే. మర్నాడు ఉలవల బస్తా వచ్చింది.

ఆ బస్తాను విప్పనివ్వకుండా చాలా రోజులు చూశాను. తర్వాత కాకినాడలో కళాశాలల మధ్య వక్తృత్వ పోటీలు వచ్చాయి, వెళ్ళక తప్పలేదు. వెళ్ళేముందు నాన్నగారి చేత మాట తీసుకున్నాను. ఆయన నా తల మీద చేయి వేసి, "నువ్వు నిశ్చింతగా వెళ్ళిరామ్మా. వల తియ్యనిస్తానా?" అన్నారు.

తిరిగి వచ్చేసరికి తొట్టి మీద వల లేదు. దాన్ని ఉతికి, ఆరబెట్టి, చీర మడత పెట్టినట్టు మడిచి, పాక గుంజకు మేకు కొట్టి తగిలించారు.

"పాడవనివ్వలేదమ్మా," అన్నారు నాన్నగారు. "జాగ్రత్తగా దాచేను."

తొట్టిలో గుగ్గిళ్ళు ఉన్నాయి. ఉలవల బస్తా సగానికి దిగింది.

"డాక్టరుగారు చెప్పింది అబద్ధమా నాన్నగారూ?"

"అబద్ధవని నేనన్నానా?"

"నేను చెప్పింది తప్పా?"

"నువ్వెప్పుడూ తప్పు చెప్పవు తల్లీ."

"మరి?"

"పెద్దమనిషి పంపేరు. అలా మూలకి పడేసి ఉంచితే, రేపాయనొచ్చి చూస్తే ఏం బాగుంటుంది చెప్పు?"

నేను ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు చెప్పను. అది ప్రశ్న కాదు. ఒక ప్రాణానికీ, ఒక పెద్దమనిషి చిన్నబుచ్చుకోవడానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే మా నాన్నగారు ఏది ఎంచుకుంటారో తెలిపే ప్రకటన.

పెళ్ళి ఇంకా కొద్ది రోజులుందనగా గుర్రం మళ్ళీ ముందుకాళ్ళు చాచింది. ఈసారి నాలుగు గిట్టలూ వేడెక్కాయి. డాక్టరుగారు పాకలోకి రాకుండానే, గుమ్మంలో నుంచే దాని నిలబడిన తీరు చూసి, "మళ్ళీ మర్యాదలు చేసేరా?" అన్నారు. సూదులు వేసి, గిట్టలకు చన్నీళ్ళ గోనెలు చుట్టమన్నారు. కింద లోతుగా గోదావరి ఇసక పోయించమన్నారు, గిట్ట అందులో దిగి కాస్త సుఖపడుతుందని. వెళ్ళేముందు నాన్నగారి భుజం మీద చేయి వేసి నెమ్మదిగా చెప్పారు: "తారు రోడ్డు మీద దీన్ని నడిపించేరంటే ఎముక దిగిపోతుందండి. నిజంగా చెబుతున్నాను."

"ఆయ్. నడిపించవండి."

అలా నడిపించబోమని డాక్టరుగారికి చెప్పిన మనిషే పెళ్ళివారికి నడపలేమని కబురు పంపలేదు. పంపమని నేను అడిగిన ప్రతిసారీ "పంపుతానమ్మా" అన్నారు.

పెళ్ళి రోజు ఉదయం వాళ్ళు వచ్చేశారు. వ్యాను నిండా బ్యాండు మేళం, జరీ పని చేసిన ఎర్రటి జీను గుడ్డ, పూలదండలు. ముందు దిగింది పెద్దమనిషి బావమరిది.

"ఏవండోయ్ బాబాయిగారూ, సిద్ధవేనా అండీ?"

నాన్నగారు కండువా సర్దుకున్నారు. "కొంచెం కాలు నలతగా ఉందండి."

"ఎంతో దూరం కాదండి. విడిదింటి నుంచి మండపానికి. నాలుగడుగులు."

"నాలుగడుగులంటే... మరీ ఇబ్బంది పడుతుందేమోనండి."

"పడితే ఓ బెల్లం ముక్క పెడదావండి. అదే నడుస్తుంది."

ఆయన జీను గుడ్డ భుజాన వేసుకుని పాక వైపు వచ్చారు. గుర్రం ఇసకలో పడుకుని ఉంది; మనిషి అడుగు చప్పుడుకు చెవులు తిప్పి, లేవబోయి, లేవలేక మళ్ళీ వాలింది. నేను పాక గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"రాదు," అన్నాను.

"ఎవరమ్మా?"

"గుర్రం. రాదు. వెళ్ళండి."

ఆయన నాతో మాట్లాడలేదు. నాన్నగారి వైపు తిరిగి, "అమ్మాయిగారికి కోపవొచ్చినట్టుందండీ," అన్నారు, వాన వచ్చేట్టుందండీ అన్నట్టు.

"వచ్చింది," అన్నాను. "దీని కాళ్ళు విరిచింది మీ బావగారు పంపిన బస్తా. దీన్ని రోడ్డెక్కిస్తే మీ మండపం ముందే పడిపోతుంది. అప్పుడు దీన్ని ఎవరు మోస్తారు, మీ పెళ్ళికొడుకా?"

"అమ్మాయ్!" నాన్నగారి గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "పెద్దోళ్ళతో అలాగేనా మాట్లాడేది? లోపలికెళ్ళు."

"మీరు 'రాదు' అనండి నాన్నగారూ. ఒక్కసారి అనండి. నేను లోపలికి వెళ్తాను."

నేను ఎదురుచూశాను. బ్యాండు వాళ్ళు వాయిద్యాలు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. మామ్మ అరుగు మీద లేచి నిలబడింది. నాన్నగారు నా వైపు చూశారు, ఆయన వైపు చూశారు, నా వెనక ఇసకలో రొప్పుతున్న గుర్రం వైపు చూశారు. దాని బాధ ఆయనకు తెలియక కాదు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ మాట రాలేదు. చివరికి కండువా తీసి ముఖం తుడుచుకుంటూ ఆయనే లోపలికి వెళ్ళిపోయారు.

బావమరిది ఇంకాసేపు నిలబడి, నేను కదలనని తెలిశాక జీను గుడ్డ వ్యానులోకి విసిరారు. "కారుకి పూలు కట్టించండ్రా!" అని అరిచి, ఎక్కబోతూ వీధి అంతటికీ వినబడేలా అన్నారు: "ఈ పిల్లకి మొగుడు దొరికితే ఆడి కంచం మీద కూడా వల కడద్దండోయ్!"

బ్యాండు మేళంతో సహా అందరూ నవ్వారు. నేను గుమ్మంలోంచి కదలలేదు.

పుచ్చుకున్న తాంబూలం తప్పిన ఇల్లుగా మా ఇల్లు పేరు పడింది. ఆ తర్వాత ఎవరూ గుర్రాన్ని అడగలేదు. పేరంటాలకు మామ్మను పిలవడం తగ్గింది. "పెళ్ళివారిని గుమ్మంలోంచి ఒట్టి చేతుల్తో పంపేవే" అని మామ్మ అన్నం పెడుతూ పెడుతూ అనేది. నాన్నగారు చాలా కాలం నాతో నేరుగా మాట్లాడలేదు. "అమ్మాయిని భోజనానికి రమ్మనండమ్మా" అని మామ్మతో అనేవారు, నేను పక్కనే ఉండగా. గుర్రం ఇసకలో పడుకుంటూ లేస్తూ ఆ ఎండాకాలం గడిపింది. ఉలవల బస్తాలో మిగిలినది నేనే రిక్షాలో వేయించి మలికిపురం కొట్టుకు తిప్పి పంపాను. వలను మేకు మీద నుంచి తీసి మళ్ళీ తొట్టికి కట్టాను. గరిక కోసుకొచ్చింది మాత్రం నాన్నగారే. నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా, తెల్లారకట్ల కాలవ గట్టుకు వెళ్ళి కోసి, పరిచి, ఎండబెట్టి, తడిపి, వంచి పెట్టేవారు. ఆయన చేతులకు పని చేతనవును. నోటికే కాదు.

తొలకరి పడ్డాక అది గట్టు మీద నాలుగు అడుగులు కుంటుతూ వేసింది. తర్వాత కుంటు తగ్గింది. ఇక మనిషిని మోయదని డాక్టరుగారు తేల్చేశారు; మోయనక్కర లేకుండా బతుకుతుందని కూడా అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం నేను లోపలి గదిలో చదువుకుంటుంటే కంచె దగ్గర మాటలు వినబడ్డాయి. పక్కింటి అత్తయ్యగారు కుండతో వచ్చారు. నాన్నగారు తొట్టి దగ్గర ఉన్నారు.

"కాస్త గంజండి అన్నయ్యగారూ. నిన్న చుట్టాలొచ్చేరు, మిగిలిపోయింది."

నేను పుస్తకం మూశాను. బయటికి పరుగెత్తడానికి లేచాను.

"వద్దండి," అన్నారు నాన్నగారు. నేను ఆగిపోయాను. ఆయన గొంతు తగ్గించి, దాదాపు రహస్యం చెబుతున్నట్టుగా అన్నారు: "మా అమ్మాయి ఊరుకోదండి. ఒట్టి గయ్యాళి. చూసిందంటే తవర్ని కూడా అనేస్తుంది. నాకెందుకొచ్చిందండీ."

"అమ్మో, ఇంట్లోనే ఉందా అండీ?"

"ఆయ్. లోపలే ఉందండి."

గుర్రం చచ్చిపోతుందని ఆయన అనలేదు. డాక్టరు వద్దన్నాడని కూడా అనలేదు. తన కళ్ళతో చూసిన నొప్పిని తన నోటితో చెప్పి ఒక్క కుండను ఆపలేని మనిషి, కన్నకూతురిని గయ్యాళిని చేసి ఆపుతున్నారు. నా ఒళ్ళంతా మండింది. వెళ్ళి ఇద్దరినీ కడిగేయాలనుకున్నాను, వరసగా, ఆధారాలతో.

కానీ కుండ ఇంకా వంగలేదు. ఆవిడ దాన్ని చంకలో పట్టుకుని తటపటాయిస్తున్నారు. తొట్టి దగ్గర గుర్రం తన మానాన తాను వల కన్నులోంచి పరక లాక్కుంటోంది.

నేను కిటికీ రెక్కను గోడకు కొట్టుకునేంత గట్టిగా తోసి, నేనున్నానని ఆవిడకు తెలిసేలా నిలబడ్డాను.